తెలుపా, నలుపా? పిల్లల సందేహం తీర్చేదెలా

ఏడు రంగులు కలిస్తే తెలుపు అని సైన్సు పుస్తకం చెబుతుంది. రంగుల పెట్టె ముందేసుకుని ఏడూ కలిపి చూస్తే గిన్నెలో తేలేది బురద. "పుస్తకంలో తప్పు రాశారు" అంటూ పిల్లవాడు మీ దగ్గరికి వస్తాడు. అప్పుడు "పుస్తకంలో ఉన్నదే రాయి, లేకపోతే మార్కులు పోతాయి" అనేయకండి. వాడు చూసిందీ నిజమే, పుస్తకం చెప్పిందీ నిజమే. కంటిని నమ్మాలా, అచ్చును నమ్మాలా అన్న ఇరకాటంలో వాణ్ణి పడేయకుండా ఉంటే చాలు, సగం పని అయినట్టే.

ఆ గిన్నెను కడిగేసి మళ్లీ మొదటినుంచి కలపమనండి. పసుపులో నీలం వేస్తే ఆకుపచ్చ. అందులో ఎరుపు వేస్తే ముదురు గోధుమ. రంగు చేరిన ప్రతిసారీ వెలుగు పెరుగుతోందా, తగ్గుతోందా అని మాత్రం అడగండి. జవాబు వాడి నోటినుంచే రానివ్వండి.

రెండో ఆట రాత్రి పూట. మూడు టార్చిలకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం సెల్లోఫేన్ కాగితాలు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. గదిలో లైట్లు ఆర్పి తెల్లగోడ మీదికి వేయించండి. ఎరుపూ ఆకుపచ్చా ఒకదానిమీద ఒకటి పడిన చోట పసుపు కనిపిస్తుంది. పెద్దవాళ్లకూ ఇది వింతగానే ఉంటుంది. నీలం కాగితం వెలుతురును ఎక్కువగా ఆపేస్తుంది కాబట్టి ఆ టార్చిని గోడకు కాస్త దగ్గరగా పట్టుకోవాలి. మూడూ కలిసిన చోట తెలుపుకు దగ్గరగా వస్తుంది. అక్కడ చెయ్యి అడ్డం పెట్టమనండి. గోడ మీద ఒక్కో నీడ ఒక్కో రంగులో పడుతుంది. ఎరుపు టార్చిని అడ్డుకున్న చోట మిగిలేది ఆకుపచ్చ, నీలం కలిసిన రంగు.

ఇప్పుడు కారణం చెప్పండి, అదీ క్లుప్తంగా. టార్చి వేస్తే జమ, రంగు పూస్తే ఖర్చు. ప్రతి టార్చీ గోడ మీదికి కొత్త వెలుతురు తెస్తుంది. పూత రంగు అలా కాదు, తనమీద పడిన తెల్లటి వెలుతురులో కొంత మింగేసి, మిగిలినదే మన కంటికి పంపుతుంది. పసుపు ముఖ్యంగా నీలాన్ని మింగుతుంది, ఎరుపు ఆకుపచ్చనీ నీలాన్నీ మింగుతుంది. అన్నీ కలిస్తే కంటికి చేరేది దాదాపు ఏమీ మిగలదు. అదే గిన్నెలోని బురద, నలుపుకు దగ్గరి రంగు.

పుస్తకంలోని మాట వెలుతురు గురించి. గాజు పట్టకంతో ఎండను రంగులుగా విడదీసి, మళ్లీ కలిపి తెలుపు రప్పించి చూపినవాడు న్యూటన్. ఆ ప్రయోగాలను 1704లో 'ఆప్టిక్స్' అనే గ్రంథంలో అచ్చువేశాడు. స్కూలు ప్రాజెక్టుకు ఏడు రంగుల చక్రం చేసి తిప్పితే బూడిద తెలుపే వస్తుంది. పిల్లలు నొచ్చుకోకముందే చెప్పండి: అట్ట మీది రంగు ఎప్పుడూ కొంత వెలుతురును మింగుతూనే ఉంటుంది, తప్పు వాళ్లది కాదు.

ఉదయం పేపరు రాగానే పేజీ అంచులు చూపించండి. చాలా పత్రికల్లో అక్కడ నాలుగు చిన్న చుక్కలుంటాయి: లేత నీలం, గులాబీ ఛాయ ఎరుపు, పసుపు, నలుపు. మొదటి మూడూ కలిపినా చిక్కటి నలుపు రాదు, అందుకే నల్ల ఇంకు వేరుగా వాడతారు. తెల్ల ఇంకు మాత్రం ఉండదు, ఆ పని కాగితమే చేస్తుంది. ఇక ఫోన్‌లో తెల్లటి బొమ్మ తెరిచి, తెర మీద తడివేలితో చిన్న నీటిబొట్టు పెట్టండి. బొట్టులోంచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం మెరుపులు కనిపిస్తాయి. ఫోన్‌లో మూడూ వెలిగితే తెలుపు, ఆరిపోతే నలుపు. పేపరు మీద ఇంకు లేనిచోట తెలుపు, అన్ని ఇంకులూ పడినచోట నలుపు.

డ్రాయింగు మాస్టారు అసలు రంగులు ఎరుపు, పసుపు, నీలం అంటారు. సైన్సు టీచరు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంటారు. ఎవరు రైటని పిల్లలు అడిగితే ఎవరి పక్షమూ తీసుకోకండి. "ఆయన కుంచె రంగుల మాట చెప్పారు, ఆవిడ వెలుతురు మాట చెప్పారు" అనండి. పరీక్షలో జవాబు రాసేటప్పుడు కూడా 'ఏడు రంగుల కాంతి కలిస్తే తెలుపు' అని, 'కాంతి' అన్న మాట మరవకుండా రాయమనండి.