ముందు చుక్కను అడగండి

ముప్పై రెండేళ్లు గుహల్లోని సున్నపు పొరల్లో, సముద్రంలోని పగడాల్లో పాతకాలపు వానల్నీ ఎండల్నీ వెతికాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇవి రాసి ఉంచుతున్నాను.

1. మొదటి ఏడాది ఉలి ఇంట్లో పెట్టి వెళ్లండి.

తొలిసారి గుహలోకి దిగినప్పుడు నా కళ్లన్నీ నేల మీంచి లేచిన స్టాలగ్మైట్ల మీదే. మా గురువుగారు మాత్రం పైకప్పు చూశారు. చుక్కలు పడే చోట్ల గాజు పలకలు పెట్టించి, చుక్కకీ చుక్కకీ మధ్య ఎన్ని సెకన్లో రాసుకోమన్నారు. నెలనెలా వెళ్లాం. సీసాల్లో నీళ్లు పట్టాం. నాకు విసుగొచ్చింది కూడా.

వానాకాలం వచ్చాక ఆయన ఏం చూపించాలనుకున్నారో తెలిసింది. పది అడుగుల ఎడంలో ఉన్న రెండు చుక్కల్లో ఒకటి పైన వాన పడ్డ పూటే జోరందుకుంది. రెండోది నెల తిరిగినా తన నడకే నడిచింది. మొదటిది పగులు గుండా సూటిగా దిగుతోంది. రెండోది రాతిలో నిలవున్న పాత నీళ్లతో కలిసి వస్తోంది. అందుకే ఒకదాని కింద పెరిగిన రాయిలో ఆ ఏటి వాన ఉంటుంది, రెండోదాని కింద కొన్నేళ్ల సగటు మాత్రమే ఉంటుంది. పైకి చూస్తే రెండు రాళ్లూ ఒకేలా ఉన్నాయి.

వాననీరు మట్టిలో దిగుతూ అక్కడి వేళ్లు వదిలిన కార్బన్ డయాక్సైడును కలుపుకుని, సున్నపురాయిని కరిగించుకుంటుంది. గుహలోకి రాగానే ఆ వాయువు ఎగిరిపోతుంది, సున్నం పొరగా మిగులుతుంది. బొర్రా గుహల్లో మనవాళ్లు శివలింగంగా కొలిచే రాయి పెరిగిందీ ఇలాగే. ఈ దారిలో ఎక్కడ ఏం జరిగినా పొర మీద దాని గుర్తు పడుతుంది. దారి తెలియకుండా పొరను చదవలేం.

2. ఒకే అంకెకు ఒకే అర్థం ఉండదు.

నీటిలోని ఆక్సిజన్ పరమాణువుల్లో సుమారు ఐదు వందలకు ఒకటి బరువైనది, ఆక్సిజన్-18. మేఘం కురుస్తూ పోయేకొద్దీ బరువైనది ముందు రాలిపోతుంది. ఉష్ణమండలంలో వాన జోరుగా ఉన్న కాలపు నీటిలో ఆక్సిజన్-18 తక్కువగా ఉంటుందని విల్లీ డాన్స్‌గార్డ్ 1964లో విడమరిచి చెప్పారు. కాబట్టి మన రుతుపవనాల కింద పెరిగిన స్టాలగ్మైట్‌లో ఆక్సిజన్-18 అంకె తగ్గితే మంచి వానలని సాధారణంగా చదువుతాం.

పగడంలో అదే అంకె ముఖ్యంగా సముద్రపు వేడి గురించి చెబుతుంది. ఒక డిగ్రీ వేడెక్కితే వెయ్యికి సుమారు 0.2 వంతు తగ్గుతుంది. కానీ వాన పడి నీటి ఉప్పదనం తగ్గినా ఆ అంకె తగ్గుతుంది. రెంటినీ విడదీయడానికి పగడంలో స్ట్రాన్షియం, కాల్షియం పాళ్లు కూడా కొలుస్తాం. నీరు వేడెక్కితే ఆ పాళ్లలో స్ట్రాన్షియం తగ్గుతుంది. ఈ రెండో కొలత లేకుండా "ఆ ఏడు సముద్రం వేడెక్కింది" అని తేల్చేసిన వాళ్లను చూశాను. వాళ్లు చూసింది వానను.

3. వయసు తేలే దాకా కథ రాయకండి.

ఇది నా తప్పు. ఒక స్టాలగ్మైట్‌లో పెద్ద కరువులా కనిపించిన పొరకు ఒక్క తేదీ చేతికి రాగానే వ్యాసం మొదలుపెట్టాను. యురేనియం నీటిలో కరుగుతుంది, థోరియం దాదాపు కరగదు. అందుకే కొత్త పొరలో యురేనియమే ఉండి, అది క్షయించేకొద్దీ థోరియం-230 పోగవుతుంది. అదే మన గడియారం. అయితే నా పొరలో మట్టి ఉంది. మట్టితో పాటు బయటి థోరియం కూడా వచ్చి చేరింది. పై పొర వయసు కింది పొర కంటే ఎక్కువని తేలింది! బయటి థోరియానికి గుర్తయిన థోరియం-232 అంకె ఆ సంగతి చెబుతూనే ఉంది. నేను పట్టికలో ఆ గడి వైపు చూడలేదు. నాలుగు నెలల రాత పక్కన పడేశాను. ఈనాటికీ ముందు ఆ గడే చూస్తాను.

4. పొరల మధ్య ఖాళీ కూడా కబురే.

చుక్క ఆగిపోతే రాయి పెరగదు. సన్నటి మురికి గీత కనిపిస్తే దానికి రెండు వైపులా తేదీ తీయండి.

5. ఒక్క సాక్షితో తీర్పు చెప్పకండి.

మేఘాలయలో సోహ్రా దగ్గరి మావ్‌మ్లూ గుహలోని ఒక స్టాలగ్మైట్ ఆధారంగా, సుమారు 4,200 ఏళ్ల కిందట మొదలైన కాలానికి 2018లో 'మేఘాలయన్' అని పేరు పెట్టారు. అదే గుహలోని మరో రాయిని ఇంకా సన్నగా చదివిన వాళ్లకు ఆనాటి వానల మార్పు తీరు కొంత వేరుగా కనిపించింది. దీన్ని నేను లోపం అనుకోను. ఇలా తేడాలు బయటపడుతూ ఉంటేనే ఈ శాస్త్రం మీద నాకు నమ్మకం.

బస్తర్‌లోని దండక్ గుహ కథ నాకు ఇంకా దగ్గరిది. అక్కడి కాంగేర్ లోయ నీళ్లు శబరిలో కలిసి కూనవరం దగ్గర మన గోదావరిలోకి వస్తాయి. 2007లో అచ్చయిన ఆ గుహ చరిత్ర సాధారణ శకం 600 నుంచి 1500 దాకా సాగుతుంది. 14వ శతాబ్దంలో వానలు బాగా తగ్గినట్టు ఆ పొరల్లో కనిపించింది. దక్కనులో దుర్గాదేవి కరువు అని తరతరాలుగా చెప్పుకున్నది ఆ శతాబ్దం చివరిదే. జనం నోట నిలిచిన కరువు రాతిలోనూ కనబడితే ఆ రాత్రి నిద్ర పట్టదు.

6. ముందు పగడానికి ఎక్స్‌రే తీయండి.

పసిఫిక్‌లోని ఎనివెటాక్‌లో అణుపరీక్షల రేడియోధార్మికత పగడాల్లో గుర్తులుగా పడింది. ఆ గుర్తులతో పోల్చి చూసి, ఎక్స్‌రేలో కనిపించే పగడపు చారలు ఏటికొకటి చొప్పున పడతాయని 1972లో రుజువు చేశారు. లక్షద్వీపాల పగడాల్ని చదివేటప్పుడు 1998ని మరవద్దు. ఆ ఏటి సముద్రపు వేడికి పగడాలు తెల్లబారి ఎన్నో చచ్చిపోయాయి. బతికినదాని పెరుగుదల కుంటుపడి ఉండొచ్చు. అక్కడ చారలు లెక్క తప్పుతాయి.

7. తక్కువ తీసుకోండి.

గుహలో నిలబడి ఉన్నదాన్ని కొట్టకండి. విరిగి పడి ఉన్నదాన్ని వెతకండి. చిన్న డ్రిల్లుతో తీసే పొడి చిటికెడు కూడా అక్కర్లేదు, ఆక్సిజన్ అంకె కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు మిల్లీగ్రాములో పదో వంతు చాలు. పగడానికి చట్టరక్షణ ఉంది, అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. అనుమతి దొరికినా తొలిచిన రంధ్రాన్ని సిమెంటు బిరడాతో మూసి రావాలి.

మేం తొలిచిన ఒక పగడం దగ్గరికి మూడేళ్ల తర్వాత వెళ్లాను. మా గుర్తుల ప్రకారం చోటు అదే, బిరడా మాత్రం కనిపించలేదు. నాతో దిగిన డైవర్ నా చెయ్యి పట్టుకుని ఒక చోటు చూపించాడు. అక్కడ బొటనవేలంత పల్లం, దాని మీదంతా ప్రాణమున్న పగడం.