యంత్రము మనుష్యుని గుర్తించుట

చీకటిపడిన తరువాత వీథిలో నడచి వచ్చువారి ముఖము కనబడకపోయినను, వచ్చునది తండ్రియో, అన్నయో, పొరుగింటివారో యింటిలోని పిల్లలు ఇట్టే చెప్పగలరు. నడకను బట్టి మనుష్యుని, కదలికను బట్టి పనిని గుర్తించు నీ శక్తిని మనకు ఎవరును పాఠముగా చెప్పలేదు. కావున ఇదియొక శక్తియని కూడ మనకు తోచదు. దీనిని యంత్రమునకు నేర్పవలెనని పండితులు యత్నించినపుడుగాని ఇందలి కష్టము బయటపడలేదు. కంప్యూటరు దృష్టి యనబడు నీ శాస్త్రమునందు మనుష్యులను గూర్చి రెండు ప్రశ్నలు ముఖ్యమైనవి. ‘ఇతడెవడు?’ అనునది యొకటి, ‘ఇతడేమి చేయుచున్నాడు?’ అనునది రెండవది. ఈ వ్యాసములో విశేషముగా రెండవదానిని విచారించి, పిమ్మట మొదటిదానికి వచ్చెదము.

కెమేరా పట్టిన చిత్రము యంత్రమునకు చిత్రముగా నుండదు, అంకెల పట్టికగా నుండును. చిత్రమును మిక్కిలి చిన్న గడులుగా విభజించి, ఒక్కొక్క గడియందు వెలుగెంత గలదో 0 మొదలు 255 వరకు గల యొక సంఖ్యతో తెలుపుదురు. అడ్డము 100 గడులు, నిలువు 100 గడులు గల చిన్న చిత్రమునకే 10,000 సంఖ్యలు కావలెను. అట్టి చిత్రములు సెకనుకు 25 చొప్పున వచ్చుచుండగా, ఒక్క సెకనులో 2,50,000 సంఖ్యలగును. ఇన్ని సంఖ్యలలో ఎక్కడను ‘చేయి’ యని గాని ‘కాలు’ అని గాని వ్రాసియుండదు. మబ్బు అడ్డము వచ్చినచో సంఖ్యలన్నియు మారును. చొక్కా మార్చినను మారును. మనుష్యుడు కెమేరాకు ఒక అడుగు దగ్గరగా జరిగినను మారును. వానితో మనుష్యుడు మారలేదు గదా! మారుచున్న యీ సంఖ్యలలో మారని దానిని పట్టుకొనుటయే యీ శాస్త్రమునకు గల పని.

కదలికను మనుష్యునినుండి వేరుచేసి చూడవచ్చునను ఆలోచన కంప్యూటరుకంటె ఎంతో పాతది. ఫ్రాన్సు దేశీయుడగు ఎత్యేన్ జూల్ మారే యను శరీరశాస్త్రవేత్త 1880 తరువాతి సంవత్సరములలో, నడచువానికి నల్లని దుస్తులు తొడిగించి, చేతులమీదను కాళ్లమీదను తెల్లని పట్టీలు కట్టించి, నల్లని తెరయెదుట నడిపించి, ఒకే పలకమీద వరుసగా పెక్కు ఛాయలు పట్టెను. పలకమీద మనుష్యుడు మాయమై, నడక మాత్రము గీతలుగా నిలిచెను.

స్వీడను దేశమందలి ఉప్సాలా విశ్వవిద్యాలయమునకు చెందిన గున్నార్ యోహాన్సన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1973లో ప్రకటించిన ప్రయోగము దీనికంటెను చిత్రమైనది. ఆయన మనుష్యుని భుజములు, మోచేతులు, మణికట్టులు, తుంటి, మోకాళ్లు, చీలమండలు మొదలగు కీళ్లయొద్ద పది పండ్రెండు వెలుగు బిందువులు మాత్రమే కనబడునట్లు చలనచిత్రమును తీయించెను. శరీరము, ముఖము, బట్టలు ఏమియు కనబడవు. ఆ మనుష్యుడు కదలక యుండగా చూచువారికి అవి యర్థములేని చుక్కలుగా తోచెను. నడచుటకు మొదలిడగానే, అది మనుష్యుడని వారు సంశయములేక చెప్పిరి. సెకనులో అయిదవవంతు కాలము చూపినను చాలునని ఆయన తరువాత కనుగొనెను. తెలిసిన స్నేహితులనైతే అట్టి చుక్కలను బట్టియే కొంతవరకు పోల్చుకొనవచ్చునని 1977లో అమెరికాలో జరిగిన మరియొక ప్రయోగము చూపెను. ఈ శాస్త్రమునకు సంబంధించిన ప్రయోగములన్నిటిలో ఇదియే మిక్కిలి యందమైనదని నా యభిప్రాయము. గొప్ప పరికరములు లేవు. ఒక చీకటి గది, కొన్ని చుక్కలు, ఒక మంచి ప్రశ్న. మనుష్యుని పని అతని కదలికలోనే యున్నదని దీనివలన తేలినది.

మరి యంత్రమునకు దీనిని నేర్పుట యెట్లు? 2004లో స్టాక్‌హోమునందు క్రిస్టియన్ షుల్ట్, ఇవాన్ లాప్తేవ్, బార్బరా కాపూతో అను మువ్వురు పరిశోధకులు ఆరు పనులను ఎన్నుకొనిరి: నడక, మెల్లని పరుగు, వడిగల పరుగు, ముష్టి విసరుట, చేయి యూపుట, చప్పట్లు కొట్టుట. 25 మందిచేత వీనిని నాలుగు విధములైన పరిస్థితులలో చేయించి వీడియోలు పట్టిరి. ఇచ్చట విద్యార్థులు గమనింపవలసిన యంశ మొకటి కలదు. యంత్రమునకు నేర్పునపుడు చూపిన మనుష్యులను దాని పరీక్షలో మరల చూపలేదు. పరీక్షకు 9 మందిని ప్రత్యేకముగా నుంచిరి. ఉపాధ్యాయుడు నల్లబల్లమీద చేసి చూపిన లెక్కలనే పరీక్షలో నిచ్చినచో, విద్యార్థికి లెక్క వచ్చునో, జవాబు మాత్రమే వచ్చునో తెలియదు గదా! పరీక్షలో యంత్రము చేతుల పనులను కాళ్ల పనులనుండి చక్కగా వేరుచేసెను గాని, మెల్లని పరుగునకును వడిగల పరుగునకును మధ్య తికమకపడెను. దీనికై యంత్రమును నిందింపనక్కరలేదు. ఒకడు మెల్లగా పరుగెత్తుట మరియొకనికి వడిగా పరుగెత్తుట కావచ్చును. హద్దు మన మాటలలోనే స్పష్టముగా లేదు.

తరువాతి కాలములో వీడియోల సంఖ్య విపరీతముగా పెరిగెను. 2012లో ఫ్లోరిడా రాష్ట్రమందలి యొక విశ్వవిద్యాలయమువారు 101 పనులకు సంబంధించిన 13,320 వీడియో తునకలను కూర్చిరి. ఇవి యొక తెరయెదుట తీసినవి కావు. లోకులు తమకుతాము తీసి యూట్యూబునందుంచినవి. వీనియందు ఈతగాడు నీటిలో నుండును, క్రికెట్టు ఆడువాడు పచ్చిక మైదానమున నుండును. యంత్రములు పరీక్షలలో నానాటికి ఎక్కువ మార్కులు పొందసాగెను. అయితే అవి మనుష్యుని చూచుచున్నవా, మైదానమును చూచుచున్నవా యను సందేహము కొందరికి కలిగెను. నీలి నీరు కనబడగానే ‘ఈత’ యని వ్రాయు యంత్రమునకు, ప్రశ్నలోని మొదటి మాట చూచి వల్లించిన జవాబు వ్రాయు విద్యార్థికి, పెద్ద భేదము లేదు. ఇరువురికిని మార్కులు వచ్చును.

అమెరికాలోని వర్జీనియా టెక్ పరిశోధకులు 2019లో దీనికొక యుపాయమును ప్రకటించిరి. వీడియోలో మనుష్యుడున్న చోటును కప్పివేసి యంత్రమునకు చూపుదురు. మనుష్యుడే కనబడనపుడు పని పేరు చెప్పుట న్యాయము కాదు. కాబట్టి అట్టి చిత్రమును చూచి నిశ్చయముగా జవాబు చెప్పకుండునట్లు యంత్రమును శిక్షించిరి. తెలియనిచోట తెలిసినట్లు చెప్పకుండుటను యంత్రమునకు పాఠముగా పెట్టిరన్నమాట.

దీనిని మీరును పరీక్షింపవచ్చును. వార్తాపత్రికలోని ఆటల చిత్రమొకటి తీసికొని, ఆటగాని కాగితపు ముక్కతో కప్పి, ఏమి ఆటయో స్నేహితు నడుగుడు. పెక్కుసార్లు సరిగానే చెప్పును. పిదప మరియొక చిత్రములో ఆటగానిని మాత్రము కత్తిరించి, చేతిలోని బ్యాటును బంతిని కూడ తీసివేసి, మరల అడుగుడు. ఈ రెండవ పరీక్ష యంత్రములకును జరిగినది. వస్తువులు లేక వట్టి చేతులతో అభినయించిన పనుల వీడియోలను కూర్చి, ఫ్రాన్సులోని పరిశోధకులు 2021లో ప్రకటించిరి. కూచిపూడి కళాకారులు వట్టి చేతులతో పూలు కోసి మాల గ్రుచ్చగా పూవు లేదని మనము అడుగము. యంత్రములు మాత్రము ఇట్టి యభినయముయెదుట మిక్కిలి తడబడెను.

అందుచేత కొందరు మరల యోహాన్సన్ చుక్కలకే వచ్చిరి. సాధారణ చిత్రమునుండియే ఒక్కసారిగా పలువురి కీళ్ల స్థానములను కనిపెట్టు ‘ఓపెన్‌పోజ్’ అను సాధనమును అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమువారు 2017లో వెలువరించిరి. ఇప్పుడు దీపములు కట్టనక్కరలేదు. చుక్కలను యంత్రమే పెట్టుకొనును. అయినను చుక్కలు మాత్రమే చాలవు. నీరు త్రాగుటకును ఫోనులో మాటలాడుటకును చేయి ముఖముదాకా లేచును. గ్లాసు కనబడినగాని భేదము తెలియదు. చుట్టునున్న వస్తువు సాక్ష్యమిచ్చును. ఆ సాక్ష్యమొక్కటే వినుట తప్పు.

ఇక ‘ఇతడెవడు?’ అను ప్రశ్న. ముఖమును గుర్తించు యంత్రము ఒక్కొక్క ముఖమును కొన్ని సంఖ్యల వరుసగా మార్చి, తనయొద్దనున్న ముఖములలో ఏ వరుస దీనికి మిక్కిలి దగ్గరగా నున్నదో వెదకును. లక్షల ముఖములలో ఎవరో యొకరు అందరికంటె దగ్గరగా నుండక తప్పదు. వెదకబడువాడు ఆ లక్షలలో లేకపోయినను అంతే. పైగా యంత్రపు పొరపాట్లు అందరికి సమానముగా పంచబడవు. జాయ్ బూలమ్విని, టిమ్నిట్ గెబ్రూ అను నిద్దరు స్త్రీలు 2018లో ప్రకటించిన పరిశోధనలో, ముఖము చూచి స్త్రీయో పురుషుడో చెప్పు మూడు వ్యాపార సాధనములను పరీక్షించిరి. తెల్లని పురుషుల విషయమున పొరపాటు నూటికి 0.8కి మించలేదు. చామనచాయ మొదలు నల్లని వన్నెగల స్త్రీల విషయమున ఒక సాధనమునందు అది 34.7 వరకు పోయెను. ఇట్టి యంత్రములను పరీక్షించుటకు వాడబడుచుండిన ప్రసిద్ధ చిత్రసముదాయములలో తెల్లనివారే విస్తారముగా నుండిరనియు వారు చూపిరి. మన దేశమువారు ఆ రెండవ సంఖ్యను జ్ఞాపకముంచుకొనవలెను.

అమెరికాలోని డెట్రాయిట్ నగరములో 2018లో ఒక దుకాణమునుండి గడియారములు దొంగిలింపబడెను. అచ్చటి కెమేరా పట్టిన మసక చిత్రమును పోలీసులు యంత్రముచేత వెదకింపగా, ఒక నల్లజాతి గృహస్థుని డ్రైవింగు లైసెన్సు ఫొటో బయటకు వచ్చెను. 2020 జనవరిలో భార్యయు ఇద్దరు చిన్న కుమార్తెలును చూచుచుండగా, ఇంటియెదుటనే అతనికి బేడీలు వేసి కొనిపోయి, దాదాపు 30 గంటలు నిర్బంధములో నుంచిరి. అతడు దొంగ కాడు. అభియోగము కొట్టివేయబడెను. అతడు వేసిన దావా 2024 జూన్ నెలలో రాజీపడినది. యంత్రము చూపిన పోలికను మాత్రమే యాధారము చేసికొని ఎవరిని అరెస్టు చేయరాదనియు, ఆ పోలికవెంటనే సాక్షులకు ఫొటోల వరుసను చూపి గుర్తుపట్టించుట చాలదనియు, దానికి వేరుగా స్వతంత్రమైన సాక్ష్య ముండవలెననియు ఆ యొడంబడికలో పోలీసులు అంగీకరించిరి.