పలాస అందరిదీ, పేరు మీది

ప్రశ్న: ఉద్దానంలో మా అత్తగారికి జీడితోట ఉంది. ఆ పిక్కలే కొట్టించి, పప్పు ప్యాకెట్లు కట్టి మూడేళ్ళుగా ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నాను. పేజీ పేరు 'పలాస జీడిపప్పు'. ఇప్పుడు ఎవరో అదే పేరుతో ఇంకో పేజీ తెరిచి, నేను తీసిన ఫొటోలే పెట్టి అమ్ముతున్నారు. వాళ్ళ పప్పు బాగాలేదని తిట్లు నాకు వస్తున్నాయి. వాళ్ళని ఆపడం ఎలా?
- ఒక గృహిణి, కాశీబుగ్గ

జవాబు: అమ్మా, మీ కోపంలో సగం న్యాయం ఉంది. ఫొటోలు మీవి. పేరు మాత్రం మీది కాదు. కాశీబుగ్గలో ఏ జీడిపప్పు కొట్టు బోర్డు చూసినా అదే మాట కదా! సరుకు ఎక్కడిదో చెప్పే ఊరి పేరును మామూలుగా ఒక్కరి సొత్తుగా రాసివ్వరు. 1999 నాటి ట్రేడ్‌మార్క్ చట్టంలో సెక్షన్ 9 చెప్పేది ఇదే.

ముందు ఫొటోల సంగతి చూడండి. తీసిన క్షణం నుంచే వాటి మీద కాపీరైట్ మీది, ఎక్కడా నమోదు చేయించనక్కరలేదు. ఫోన్లో ఉన్న అసలు ఫొటోలు చెరిపేయకండి, తేదీతో సహా అవే మీ రుజువు. ఊరికే 'రిపోర్ట్' నొక్కి కూర్చోకుండా ఇన్‌స్టాగ్రామ్‌లో కాపీరైట్ ఫిర్యాదు ఫారం వెతికి నింపండి.

తర్వాత మీకంటూ ఒక పేరు పెట్టుకోండి. ఊళ్ళో మీ తోటని ఏమని పిలుస్తారో అదైనా సరే, ఇంకొకరికి తట్టనిది కావాలి. జీడిపప్పు ట్రేడ్‌మార్క్ లెక్కలో 29వ తరగతి కిందికి వస్తుంది. మన రాష్ట్రం చెన్నై రిజిస్ట్రీ పరిధిలోది, దరఖాస్తు ఇంటి నుంచే ఆన్‌లైన్లో పెట్టొచ్చు. వ్యక్తులకు తరగతికి రూ.4,500. జర్నల్‌లో ప్రచురించాక అభ్యంతరాలకు నాలుగు నెలలు గడువిస్తారు. నమోదైతే పదేళ్ళు మీది, ఆపైన పొడిగించుకోవచ్చు. ఈలోగా పేరు పక్కన 'టీఎం' వేసుకోండి. గుండ్రంలో 'ఆర్' ఉండే గుర్తు మాత్రం నమోదు కాకుండా వేస్తే నేరం. చాలామంది అందంగా ఉందని వేసేస్తుంటారు.

ఇంతకీ మీ అసలు ఆస్తిని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు: అత్తగారి తోట. పలాసలో కొట్టే పిక్కంతా ఉద్దానం పిక్క కాదు, ఆఫ్రికా దేశాల నుంచి దిగేదీ ఉంది. 80 కిలోల బస్తాకి గిట్టుబాటు ధర అడుగుతూ రైతులు రోడ్డెక్కినప్పుడు ఆ దిగుమతుల గొడవ రావడం మీరూ వినే ఉంటారు. 'పలాస జీడిపప్పు' అన్న మాటకి పలాసలో తయారైన పప్పని అర్థం, ఆ చుట్టుపక్కల చెట్టుకి కాసిందని కాదు. మీరు చెట్టు చూపించగలరు. పూత నుంచి పిక్క ఎండబెట్టేదాకా వీడియో తీయండి. అత్తగారి చేత మాట్లాడించండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మీ తోటలో ఎన్ని చెట్లు పోయాయో ఆమె నోటితో చెప్పిన వీడియోని ఆ నకిలీ పేజీవాడు ఎత్తుకెళ్ళి ఏం చేసుకుంటాడు? ఒక ఏడాది కాపు తగ్గి బయట పిక్క కొనాల్సివస్తే ఆ సంగతీ పేజీలో రాయండి. ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే మిగతావన్నీ ఆపి ముందు అది చూసుకోండి.

ప్రశ్న: సముద్రంలో వేట మీద, మా ఊరి చేపల కూరల మీద వీడియోలు చేస్తాను. బాగానే చూస్తున్నారు. కిడ్నీ జబ్బు తగ్గించే చూర్ణమట, దాని గురించి రెండు మాటలు చెబితే ముప్పై వేలు ఇస్తామంటున్నారు. బెట్టింగ్ యాప్ వాళ్ళయితే ఇంకా ఎక్కువ ఇస్తారట. అవి ప్రకటనలే కదా, అందులో తప్పేటి?
- ఒక యువకుడు, వజ్రపుకొత్తూరు మండలం

జవాబు: కిడ్నీ జబ్బు పీడిస్తున్న ఉద్దానంలో కూర్చుని అడగవలసిన ప్రశ్నేనా తమ్ముడూ ఇది? ఇన్నేళ్ళు పరిశోధనలు చేసినా కారణమే ఇదమిత్థంగా తేలని జబ్బుకి చూర్ణం ఎవరు కనిపెట్టారట? మూత్రపిండాల జబ్బుల్లో కొన్నింటికి మందు ఉందని ప్రకటించడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అది కాక, 2019 వినియోగదారుల చట్టం కింద తప్పుడు ప్రకటనలో నటించినవాళ్ళకీ పది లక్షల దాకా జరిమానా వేయొచ్చు. నిన్ను నమ్మేది నీ ఊరివాళ్ళు. వాళ్ళలో ఒక్కరు డయాలసిస్ మానేసి చూర్ణం పట్టుకున్నా, నీ వీడియోలు ఇంకెవరు చూస్తారు?

బెట్టింగ్ సంగతి చెప్పనే అక్కరలేదు. 2025 మార్చిలో ఆ యాప్‌ల ప్రచారం చేసినందుకు హైదరాబాద్‌లో పోలీసులు సినిమావాళ్ళ మీదా యూట్యూబర్ల మీదా కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టంతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల ప్రకటనకు రెండేళ్ళ దాకా జైలు, లేదా 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

డబ్బు అవసరమే, కాదనను. వలో, కోల్డ్ బాక్సో, నువ్వే వాడే సరుకో ఏదైనా ప్రచారం చెయ్యి. డబ్బు తీసుకున్నానని ఆ వీడియోలోనే చెప్పు. 2023 నుంచి కేంద్రం నియమం కూడా అదే.

ప్రశ్న: నా ఫొటోతో ఎవరో ఫేస్‌బుక్ ఖాతా తెరిచి, కువైట్‌లో ఉన్న మా పిన్ని కొడుకుని డబ్బు అడిగారు. వాడు నాకు ఫోన్ చేశాడు కాబట్టి సరిపోయింది. సినిమా వాళ్ళయితే కోర్టుకెళ్తారు, నాలాంటి టీచర్ ఏం చెయ్యగలదు?
- ఒక ఉపాధ్యాయిని, టెక్కలి

జవాబు: కోర్టుకి వెళ్ళినవాళ్ళున్నారు. 2025 సెప్టెంబరులో తమ పేరు, రూపం దుర్వినియోగం కాకుండా నాగార్జున ఢిల్లీ హైకోర్టులో, చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులో ఉత్తర్వులు తెచ్చుకున్నారు. మీకు అంత దూరం అక్కరలేదు. ఆ ఖాతా లింకు, మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు ముందు దాచుకోండి, ఆ తర్వాతే రిపోర్ట్ కొట్టండి. ఖాతా పోయాక రుజువూ పోతుంది. వాటితో జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ, టెక్కలి పోలీస్ స్టేషన్‌లో గానీ ఫిర్యాదు ఇవ్వండి. ఒకరి పేరుతో ఆన్‌లైన్లో మోసానికి దిగితే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ళ దాకా శిక్ష ఉంది. ఇక్కడ ఎవరైనా డబ్బు పంపేసి ఉంటే క్షణం ఆగకుండా 1930కి ఫోన్ చెయ్యమనండి. మీ తమ్ముడికి ఒక ఉపాయం చెప్పండి: ఈసారి ఎవరైనా మీ పేరుతో డబ్బు అడిగితే, ఊళ్ళో తాతగారిని ఏమని పిలిచేవారో అడగమనండి.

చివరగా ఒక మనవి. ఈ నెల ఒక పాఠకుడు సాయం అడుగుతూ ఉత్తరంలో తన పాస్‌వర్డ్ కూడా రాసి పంపారు. ఉత్తరం చింపేశాను. బాబూ, ఇది చదవగానే దాన్ని మార్చేయండి.