పికప్ బండి ఊపిరి – డీజిలు పొదుపు

మన పాఠశాలకు పిల్లలను పంపు కుటుంబములలో కొన్నిటికి పికప్ బండియే జీవనాధారము. అల్లము, పసుపు, కూరగాయలు సంతకు చేర్చుట, సిమెంటు, ఇనుము ఊళ్లకు తోలుట – ఇదియే వారి వృత్తి. బండి వాయిదా, డీజిలు ఖర్చు పోగా మిగిలినదే ఇంటి తిండికిని, బిడ్డల చదువునకును ఆధారము. కావున ఈ సంవత్సరము పాఠమును తల్లిదండ్రుల కొరకే వ్రాయుచున్నాను.

గత సంవత్సరమొక విద్యార్థిని తండ్రి ఫీజునకు గడువు కోరి నా యొద్దకు వచ్చెను. కారణమడుగగా, "బండికి కొత్త గాలిగొట్టం, పెద్ద ఫిల్టరు పెట్టించాను మాస్టారూ. లీటరుకి మూడు కిలోమీటర్లు ఎక్కువ వస్తుందన్నారు. ఆరు వేలయింది" అనెను.

"మరి వచ్చినదా?" అంటిని.

"మొదటి రోజు కొరాపుట్ నుంచి రాయగడ వెళ్లాను. నిజంగానే వచ్చింది. తర్వాత ఏమైందో తెలియదు, మళ్లీ మామూలే."

ఆ మొదటి రోజు లాభమెట్లు వచ్చెనో, తరువాత ఏల పోయెనో తెలిసికొనుటయే ఈ పాఠము.

ఇంజను ఎంత గాలిని పీల్చును?

మంటకు గాలి వలయునని పిల్లలందరును ఎరుగుదురు. ఒక కిలో డీజిలు పూర్తిగా మండుటకు సుమారు 14.5 కిలోల గాలి కావలెను. లీటరు డీజిలు తూకము సుమారు 830 గ్రాములు. అనగా దానికి 12 కిలోల గాలి. సముద్రతీరమున ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగును. కావున ఒక లీటరు డీజిలునకు పది ఘనమీటర్లు, అనగా పదివేల లీటర్ల గాలి కనీసము వలయును!

ఈ లెక్క విన్నవారికి, "గాలి దారిని వెడల్పు చేసినచో డీజిలు తగ్గును గదా" అని తోచుట సహజము. గొట్టములు అమ్మువారు చెప్పునదియు ఇదియే. కాని ఇందొక పొరపాటున్నది.

పొయ్యి చెప్పు పాఠము

కట్టెపొయ్యి పొగ చిమ్మునపుడు ఊదుగొట్టము ఉపయోగపడును. మంట చక్కగా మండుచుండగా ఇంకను ఊదినచో కట్టె మిగులునా? మిగులదు. అన్నము ఉడుకుటకు కావలసిన వేడి అంతే. కావలసిన కట్టెయు అంతే.

డీజిలు ఇంజనును రుడాల్ఫ్ డీజిలు అను ఇంజనీరు 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గు నగరమున నడిపి చూపెను. అందు గాలిని మిక్కిలిగా కుదింతురు. ఆ వేడికి, చిమ్మిన డీజిలు దానంతట అదియే అంటుకొనును. పెట్రోలు బండిలో వలె గాలిని అడ్డగించి బలమును తగ్గించు పద్ధతి ఇందు లేదు. గాలి ఎల్లప్పుడును అవసరమునకు మించియే లోపలికి పోవును. డ్రైవరు పాదము కోరినంత డీజిలు మాత్రమే పడును. కావున ఇంకను గాలి ఇచ్చిననూ బరువును లాగుటకు కావలసిన డీజిలు తగ్గదు. ఫిల్టరు పూర్తిగా మూసుకొనిపోయి బండి నల్లపొగ వదలునపుడు మాత్రమే గాలి చాలలేదని తెలియవలెను. దానికి మందు కొత్త గొట్టము కాదు, కొత్త ఫిల్టరు.

పెట్రోలు బండి సంగతి యేమి? అమెరికాలోని ఓక్ రిడ్జి జాతీయ ప్రయోగశాల వారు 2009లో దీనిని పరీక్షించిరి. కంప్యూటరు ద్వారా ఇంధనము కొలిచి చిమ్ము కార్లలో, మూసుకొనిపోయిన ఫిల్టరును మార్చిననూ మైలేజిలో చెప్పదగిన భేదము కనబడలేదు. వేగమందుకొనుట మాత్రము మెరుగుపడెను. కార్బ్యురేటరు గల పాతకాలపు కారులో మాత్రము నూటికి రెండు నుండి ఆరు వంతుల వరకు లాభము కలిగెను. ఆ పాతకాలపు అనుభవమే నేటికిని షెడ్లలో మాటగా నిలిచి, దానికి సంబంధము లేని బండ్లకు అంటగట్టబడుచున్నది.

కొండ గాలి పలుచన కాదా?

"సముద్రతీరమున సరే, మన కొండ మీద గాలి పలుచన గదా" అని కొందరందురు. నిజమే. కొరాపుట్ సముద్రమట్టమునకు సుమారు 870 మీటర్ల ఎత్తున నున్నది. ఇచ్చటి గాలి విశాఖపట్టణపు గాలి కంటె సుమారు పదవ వంతు పలుచన. కాని గొట్టము వెడల్పయినంత మాత్రమున గాలి చిక్కబడదు. దానికి గాలిని కుదించు యంత్రము కావలెను. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూకి 1905లోనే అట్టి ఏర్పాటునకు పేటెంటు పొందెను. నేటి డీజిలు పికప్పులలో నున్న టర్బో ఆ జాతిదే. పొగ వేగముతో చక్రమును త్రిప్పి, గాలిని కుదించి లోనికి పంపును. మన సునాబెడ కర్మాగారమున తయారగు యుద్ధవిమానముల ఇంజనులును గాలిని ముందు కుదించియే ఇంధనముతో మండించును. కావున కొండ గాలికి కావలసిన ఏర్పాటు టర్బో గల బండిలో ముందే యున్నది.

మొదటి రోజు లాభము ఎచ్చటిది?

రాయగడ ఎత్తు సుమారు 200 మీటర్లు. అనగా కొరాపుట్ నుండి రాయగడ పోవుట యనగా, నడుమ ఎక్కుడు దిగుడులున్ననూ, మొత్తము మీద 650 మీటర్లకు పైగా దిగుటయే.

సరుకుతో 2,500 కిలోలున్న బండిని అంత ఎత్తునకు చేర్చుటకు ఎంత డీజిలు కావలెనో లెక్కింపుడు. లీటరు డీజిలులోని శక్తిలో మూడవ వంతు కంటె కొంచెము తక్కువయే చక్రములకు చేరును. ఆ ప్రకారము, దారి దూరమునకగు ఖర్చు గాక, ఎత్తుటకే సుమారు లీటరున్నర అగును. దిగునపుడు ఆ శక్తిలో కొంత బ్రేకులలో వేడిగా పోయిననూ, మిగిలినది బండిని ముందునకు నడిపించును.

కావున ఆ తండ్రి చూచిన లాభము గొట్టము ఇచ్చినది కాదు, కొండ ఇచ్చినది. తిరుగు ప్రయాణమున కొండ తన బాకీని వసూలు చేసికొన్నది.

నష్టము లేకున్న సరి, నష్టమున్నది

1. ధూళి: మన మట్టిరోడ్ల ఎర్రధూళిలో ఇనుమును సయితము అరగదీయు సన్నని ఇసుక యుండును. గాలి సులభముగా పోవు ఫిల్టరు ధూళినియు సులభముగా పోనిచ్చిన యెడల, టర్బో రెక్కలు, పిస్టను రింగులు అరుగును. బండి ఇంజనాయిలు త్రాగ నారంభించును.

2. వేడి: కంపెనీ పెట్టె బయటి చల్లని గాలిని పీల్చునట్లు అమర్చబడినది. దానిని తీసి బానెట్టు క్రింద పెట్టిన ఫిల్టరు ఇంజను వేడిగాలినే పీల్చును.

3. నీరు: చల్లని గాలి కొరకని గొట్టమును క్రిందకు దించినచో వర్షాకాలమున వాగు దాటునపుడు నీరు లోనికి పోవచ్చును. గాలి వలె నీరు కుదింపబడదు. కనెక్టింగు రాడ్డు వంగిపోవును.

4. చట్టము: 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 2019 సవరణ ప్రకారము, అనుమతింపబడని మార్పు చేయించిన యజమానికి ఒక్కొక్క మార్పునకు అయిదువేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చును.

నిజమైన పొదుపు

ఫిల్టరును వేళకు మార్పుడు. మట్టిరోడ్ల మీద తిరుగు బండికి పుస్తకములో వ్రాసిన గడువు కంటె ముందే మార్చవలసి యుండును. కాగితపు ఫిల్టరును నేలకు కొట్టి దులుపరాదు. చినిగిన ఫిల్టరు లేనిదానితో సమానము.

టైర్లలో గాలిని వారమునకొకసారి చూపింపుడు. 1978లో ఏర్పడిన పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంస్థ వారు గంటకు 45 నుండి 55 కిలోమీటర్ల వేగమును మేలైనదిగా చెప్పుచున్నారు. సంతలో సరుకు దించునంతసేపు ఇంజనును ఆపివేయుడు. అవసరము లేని బరువును ఇంటి యొద్దనే దింపుడు.

ఒక్క మాట ప్రాణములకు సంబంధించినది. ఘాటీలో దిగునపుడు డీజిలు మిగులునని బండిని న్యూట్రలులో విడువరాదు. నేటి ఇంజనులు గేరులో నుండి, యాక్సిలరేటరు మీద పాదము తీసినపుడు దాదాపు డీజిలు త్రాగవు. న్యూట్రలులోనైతే ఇంజను తిరుగుటకే డీజిలు త్రాగును. పైగా భారమంతయు బ్రేకుల మీద పడి, అవి కాగి, పట్టు తప్పును.

ఇంటి లెక్క

ఎవరేమి అమ్మవచ్చిననూ పరీక్ష మన చేతిలోనే యున్నది. ముందుగా మామూలు కొత్త ఫిల్టరు వేయింపుడు. ఒకే బంకులో ట్యాంకు నిండుగా పోయించి మీటరు వ్రాసికొనుడు. ఒకే దారిలో, ఇంచుమించు ఒకే బరువుతో, పోవుటయు వచ్చుటయు కలిపి నడుపుడు. మరల నిండుగా పోయించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగింపుడు. ఇట్లు కనీసము మూడు వారములు చేసి, ఆ పిమ్మట కొత్త వస్తువుతో మరి మూడు వారములు చేయుడు. క్రొత్తది పెట్టినపుడు మన పాదము తెలియకయే నెమ్మదించును. దానిని గూడ గమనించుకొనుడు.

ఆ తండ్రికి ఈ పద్ధతి చెప్పి పంపితిని. ఎనిమిదవ తరగతి చదువుచున్న ఆయన కుమార్తె ప్రతి శనివారము భాగహారము చేసి నోటుపుస్తకములో వ్రాసెను. గొట్టముతోను, గొట్టము లేకను వచ్చిన లెక్కలలో చెప్పదగిన భేదము కనబడలేదు. పాత పెట్టె మరల బండికెక్కినది. ఆరు వేలు తిరిగి రాలేదు గాని, ఇప్పుడు బండికి ఏది కొనవలసి వచ్చిననూ ఆయన ముందుగా కుమార్తెను అడుగుచున్నారు.

తల్లిదండ్రులారా! పిల్లలు బడిలో నేర్చు భాగహారము మార్కుల కొరకే కాదు. మీ బండి లెక్కపుస్తకమును వారి చేతికిండు. వచ్చు తల్లిదండ్రుల సమావేశమునకు దానిని తీసికొని రండు. అందరమును కూర్చుండి చూతము.