కథానాయకుడు చంపవచ్చునా?

చేతికి చిక్కిన దుర్మార్గుణ్ణి మంచివాడు చంపవచ్చునా? పైకి ఇది చిన్నపిల్లల ప్రశ్నలా కనిపిస్తుంది. కాని ఈ ప్రశ్న మీద వాల్మీకి సర్గలకు సర్గలు ఖర్చు పెట్టాడు. అమెరికా బొమ్మల కథల కంపెనీలు ఎనభై ఏళ్ళ పైచిలుకుగా తర్జనభర్జన పడుతున్నాయి. మన సుప్రీంకోర్టు ఒక కమిషనే వేయవలసి వచ్చింది. అటువంటప్పుడు మన సావనీరులో నాలుగు పేజీలు కేటాయిస్తే తప్పులేదనుకుంటాను. సినిమాల గురించి రాస్తే వ్యాసం తేలిపోతుందేమోనని ఒక మిత్రుడు శంకించాడు. మన మధురవాడలో గాని, జగదాంబ జంక్షన్లో గాని మొదటి రోజు మొదటి ఆట చూసినవాళ్ళకు ఆ శంక ఉండదు. ప్రతినాయకుడు నేలకొరిగే క్షణాన హాల్లో లేచే ఈలలు ఉత్త వినోదం కావు, అదొక తీర్పు. ఆ తీర్పు ఏ విచారణ మీద ఇచ్చాం అన్నదే నా సందేహం.

ముందుగా అమెరికా సంగతి చూసేద్దాం. బ్యాట్‌మన్ ఎవరినీ చంపడన్నది ఇవాళ అతని అభిమానులకు వేదవాక్యం. కాని 1939 మే సంచికలో అచ్చయిన మొట్టమొదటి కథలోనే అతగాడి గుద్దుకు ఒకడు యాసిడ్ తొట్టిలో పడి చస్తాడు. తగిన శాస్తి జరిగిందనుకుని కథానాయకుడు చక్కా పోతాడు. 1940లో జోకర్ అనే ప్రతినాయకుడు పుట్టాడు. ఆ సంచిక చివర జోకర్ చచ్చిపోవాలి. ఇంత మంచి విలన్ని పారేసుకోవడం ఎందుకని సంపాదకుడు విట్నీ ఎల్స్‌వర్త్ చివర్లో ఒక బొమ్మ కలిపించి వాణ్ణి బతికించాడు. బ్యాట్‌మన్ చేత హత్యలు మాన్పించినవాడు కూడా ఆయనే. ఆ తరువాత 1954లో, బొమ్మల పుస్తకాలు చదివి పిల్లలు చెడిపోతున్నారన్న గోల మీద, చాలా కంపెనీలు కలిసి తమకు తామే ఒక నియమావళి రాసుకున్నాయి.

అంటే చంపకపోవడమనే వ్రతంలో ధర్మం పాలు కొంత ఉన్నా, వ్యాపారం పాలు తక్కువేమీ కాదు. పాలిచ్చే గేదెను ఎవరు కోసుకుంటారు? పత్రిక నెలనెలా రావాలి, విలన్ నెలనెలా జైలు నుంచి పారిపోవాలి. సినిమాకు ఆ ఇబ్బంది లేదు, రెండు రెండున్నర గంటల్లో ముగించాలి. అందుకే 1989 నాటి బ్యాట్‌మన్ సినిమాలో జోకర్ చర్చి గోపురం మీంచి పడి చచ్చాడు. 2013లో వచ్చిన సూపర్‌మేన్ చిత్రంలో కథానాయకుడు జాడ్ మెడ విరిచేశాడు. అభిమానులు ఇప్పటికీ దాని మీద కొట్టుకుంటున్నారు. అయితే ఆ దృశ్యంలో ఒక చిన్న కుటుంబాన్ని జాడ్ కాల్చివేయబోతున్నాడు, ఆపడానికి వేరే దారి లేదు, చంపినవాడు గుండె పగిలేట్టు అరుస్తాడు. దీన్ని గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

మనవాళ్ళు తక్కువ తిన్నారా? 1980లో ఎన్.టి. రామారావుగారితో 'సూపర్‌మేన్' అనే తెలుగు చిత్రమే వచ్చింది. చిన్నతనంలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న కుర్రవాడికి ఆంజనేయస్వామి శక్తులు ప్రసాదిస్తాడు, పెద్దయ్యాక ఆ హంతకుల మీద పగ తీర్చుకుంటాడు. కోటు అమెరికాది, బలం హనుమంతుడిది, కథ మన పగ కథ. 2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ తీసిన 'హను-మాన్'లో మళ్ళీ ఆంజనేయుడే దిక్కయ్యాడు. ఆ సినిమాలో నాకు నచ్చినది కథానాయకుడు కాదు, విలన్ మైకేల్. వాడికి చిన్నప్పటి నుంచి సూపర్‌హీరో కావాలని పిచ్చి. సూపర్‌హీరోలకు అమ్మానాన్నలు ఉండరు కదా అని లెక్కగట్టి కన్నవాళ్ళనే చంపుకుంటాడు. బొమ్మల కథలు చదివి వాడు నేర్చుకున్న పాఠం అదన్నమాట! నవ్వొచ్చినా, పగ కథలన్నీ చూస్తూ మనం నేర్చుకుంటున్నదేమిటని అడిగే పాత్ర అది ఒక్కటే.

ఇక మన పురాణాలకు వద్దాం. అహింస గురించి నేను ఉపన్యాసం ఇవ్వబోవడం లేదు. మన కథల్లో చంపడం కొల్లలుగా ఉంది. నరకాసురుణ్ణి చంపినందుకు ఏటా టపాకాయలు కాలుస్తాం. కాని ఆ కథల్లో ఇంకొకటి కూడా ఉంది. చంపేవాడు జవాబు చెప్పుకోవాలి.

వాలి సంగతే చూడండి. చెట్టు చాటు నుంచి వచ్చిన బాణం తగిలి నేల కూలాడు. మన సినిమా అయితే అక్కడితో శుభం కార్డు పడాలి. కాని వాల్మీకి వాలి చేత మాట్లాడిస్తాడు. నీకూ నాకూ వైరమేమిటి, నేను వేరొకడితో పోరాడుతుండగా నన్నెందుకు కొట్టావు, ఇదేనా నీ ధర్మమని వాలి నిలదీస్తాడు. రాముడు జవాబు చెబుతాడు. తమ్ముడి భార్యను చేపట్టావంటాడు, రాజ్యధర్మం అంటాడు, మృగాన్ని వేటాడినట్టే అంటాడు. ఆ జవాబు చాలినదా కాదా అని మన పండితులు ఈనాటికీ వాదించుకుంటూనే ఉన్నారు. చాలకపోవచ్చు, నాకైతే మూడో కారణం మరీ బలహీనంగా తోస్తుంది. అయినా, అవతారపురుషుడే అయినా సరే, చంపినవాడు చస్తున్నవాడి ఎదుట నిలబడి వాదన వినిపించుకోవలసి వచ్చింది, అదీ నాకు కావలసింది. శిశుపాలుడికి నూరు తప్పుల లెక్క ఉంది. వాడి తల్లికిచ్చిన మాట ప్రకారం కృష్ణుడు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు, అంతటివాడు కూడా నూరు దాటేదాకా చక్రం తీయలేదు.

వీటన్నిటి కంటె గొప్పది అశ్వత్థామ ఘట్టం. తెలుగు విద్యార్థులలో భాగవతంలోని ఆ పద్యాలు బళ్ళో చదువుకోనివాళ్ళు అరుదు. నిద్రపోతున్న అయిదుగురు పిల్లల్ని గొంతులు కోసి చంపినవాణ్ణి అర్జునుడు పశువును కట్టినట్టు కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేశాడు. భీముడు ఇక్కడికిక్కడే చంపమంటున్నాడు. ఇంతకంటె నీచమైన నేరం ఉందా? ఇంతకంటె తిరుగులేని సాక్ష్యం ఉందా? ఏడ్చే హక్కు, శిక్ష అడిగే హక్కు ఆమె ఒక్కదానిదే. ఆమె విడిచిపెట్టమంటుంది. వాడి తల్లి కృపి ఇంట్లో ఉంది, నేను ఏడుస్తున్నట్టు ఆమె ఏడవకూడదంటుంది. చివరకు కృష్ణుడి సలహా మీద అర్జునుడు వాడి తలమీది మణిని తీసి, జుట్టు గొరిగి, తోలేశాడు. భీముడి కోపాన్ని కవి తప్పుపట్టలేదు, దాన్ని పూర్తిగా మాట్లాడనిచ్చాడు. కాని తీర్పు ఆ కోపం చేతికి ఇవ్వలేదు.

మన వెండితెర ఈ విచారణనంతా కత్తిరించి, ముగింపును మాత్రం దాచుకుంది. 'భారతీయుడు' (1996)లో వృద్ధ స్వాతంత్ర్య సమరయోధుడు లంచగొండులను వరసపెట్టి చంపుతాడు, కన్నకొడుకునూ వదలడు. దొరక్కుండా దేశం దాటిపోతాడు. 'అపరిచితుడు' (2005) గరుడ పురాణం నుంచి శిక్షలు ఎంచుకుంటాడు. 'ఠాగూర్' (2003) సంగతి మరీ విచిత్రం. దాని తమిళ మాతృక 'రమణ' (2002)లో, చంపినందుకు కథానాయకుడికి ఉరి పడుతుంది, ఉరి తీస్తారు కూడా. తెలుగులోకి వచ్చేసరికి ఉరి తప్పి జైలుశిక్షతో సరిపెట్టారు. చిరంజీవిగారిని ఉరికంబం ఎక్కిస్తే మన థియేటర్లలో కుర్చీలు మిగులుతాయా అని మీరు అనవచ్చు, నిజమే. కాని తమిళ కథలో ధర్మమంతా ఆ ఉరికంబంలోనే ఉంది. చంపితే ఆ లెక్క నేనే కడతానని వాడు ఒప్పుకోవడం అది. దాన్ని తీసేశాక మిగిలింది ఈలలు వేయదగ్గ హత్య ఒక్కటే.

తెలుగువాళ్ళకు వేరే దారి తెలియదనడానికీ లేదు. 'మాయాబజార్' (1957) నా లెక్కలో మన మొదటి సూపర్‌హీరో చిత్రం. ఘటోత్కచుడికి లేని శక్తి ఏముంది? గదతో ఒక్క దెబ్బ వేస్తే శకుని పని సరి. అయినా ఆ రాక్షసుడు ఎవరినీ చంపడు. శకునిని సత్యపీఠం ఎక్కిస్తాడు, ఎక్కించి నిజం కక్కిస్తాడు, అంతే. అరవై ఏళ్ళు దాటినా ఆ ముగింపు చూసి తృప్తి పడకుండా లేచి వెళ్ళినవాణ్ణి నేను చూడలేదు.

మన జిల్లా మనిషి ఒకాయన ఈ చర్చలోకి రాక తప్పదు. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడ్డాడు. పట్టుకెళ్ళిన తుపాకులకూ తూటాలకూ స్టేషన్ రికార్డులోనే లెక్క రాసి సంతకం పెట్టాడు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ముందు నడుస్తున్న భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనక వస్తున్న కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను కాల్చారు. ఆయన చంపలేదని ఎవరూ అనరు. కాని ఎవరిని, ఎందుకు అన్న గీత ఒకటి గీసుకున్నాడు, చేసినదానికి చేవ్రాలు పెట్టాడు. మరి ఆయన్ని ఏం చేశారు? 1924 మే 7న కొయ్యూరులో, చేతికి చిక్కిన మనిషిని, చెట్టుకు కట్టి కాల్చేశారు. కోర్టూ లేదు, విచారణా లేదు. 1974లో కృష్ణగారి చిత్రంలో ఆ దృశ్యం చూసి తెలుగుదేశమంతా కన్నీళ్ళు పెట్టుకుంది. చిక్కినవాణ్ణి కాల్చడం అన్యాయమని ఆ రోజు మనకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేకపోయింది.

అటువంటి మనం 'ఎన్‌కౌంటర్' అన్న మాటను ఏం చేశామో గమనించారా? ఇంగ్లీషులో అది ఎదురుపడడం. తెలుగులో 'వాణ్ణి ఎన్‌కౌంటర్ చేశారు' అంటాం. ఒకడు చేసేది, ఇంకొకడు చేయించుకునేదీ! 1970 ప్రాంతంలో శ్రీకాకుళం కొండల నుంచి ఈ మాట మన పత్రికల్లోకి నడిచి వచ్చింది. ఎమర్జెన్సీ తరువాత 1977లో తార్కుండే కమిటీ, భార్గవ కమిషన్ దాని మీదనే కూర్చున్నాయి. వ్యాకరణం అబద్ధమాడదు. జరిగింది ఎదురుకాల్పులు కాదని చెప్పే క్రియాపదాన్ని జనమే తయారుచేసుకున్నారు, చేసుకుని కూడా చప్పట్లు కొట్టారు.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేశారు. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర, పోలీసుల అదుపులో ఉన్న నలుగురు నిందితులు కాల్పుల్లో చనిపోయారు. ఆ ఉదయం అక్కడ జనం పోలీసుల మీద పూలు చల్లారు, సినిమావాళ్ళు అభినందనలు పంపారు. ఆ తరువాత సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పూర్కర్ అధ్యక్షతన కమిషన్ వేసింది. 2022 మేలో బయటికి వచ్చిన దాని నివేదిక ఏం చెప్పింది? నిందితులను చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్యానేరం విచారించాలని, నలుగురిలో ముగ్గురు మైనర్లని చెప్పింది. పూలు చల్లిన రోజున టీవీల్లో వచ్చినంత పెద్ద అక్షరాలు ఈ నివేదికకు దక్కలేదు.

ఆ జనాన్ని నేను తిట్టలేను. ఆడపిల్లలున్న ఇంట్లో ఆ పది రోజులు ఎలా గడిచాయో అందరికీ తెలుసు. కోర్టుల ఆలస్యం కూడా అబద్ధం కాదు. ఢిల్లీలో 2012 డిసెంబరులో జరిగిన ఘోరానికి ఉరిశిక్ష అమలయింది 2020 మార్చిలో. భీముడి కోపం మనందరిదీ. నా ప్రశ్న అంతకంటె చిన్నది. ఆ నలుగురిలో ఒకవేళ ఒక్కడు ఆ రాత్రి అక్కడ లేనివాడైతే? ఆ సంగతి వాడు ఎవరితో చెప్పుకోవాలి? వాలికి దొరికినంత సమయమైనా వాడికి దొరకలేదే!

చట్టం ఇక్కడ మన సినిమాల కంటె పాత కథలకే దగ్గరగా ఉంది. నాకు తెలిసినంతలో చెబుతాను, లా విద్యార్థులు లోపాలుంటే సరిదిద్దాలి. 1860 నాటి శిక్షాస్మృతిలో 96 నుంచి 106 దాకా, 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును చెబుతాయి. నీ ప్రాణం కోసమే కాదు, పక్కవాడి ప్రాణం కోసమూ, తప్పనిసరైతే దాడిచేసేవాణ్ణి చంపవచ్చు. కాని అవసరానికి మించి హాని చేయకూడదు, ప్రమాదం తొలగిపోయాక ఆ హక్కూ పోతుంది. ఇందాక గుర్తుంచుకోమన్నాను చూడండి, ఆ 2013 సూపర్‌మేన్ ఈ కొలతకు నిలుస్తాడు. మన 'భారతీయుడు' నిలవడు, కట్టిపడేసినవాణ్ణి పొడిచేవాడు ఎవడూ నిలవడు. పోలీసు కాల్చినా ఇదే కొలత. ఎన్‌కౌంటర్ మరణం ప్రతిదానికీ కేసు నమోదు చేసి స్వతంత్ర దర్యాప్తు జరపాలని 2014లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అంటే కాల్చినవాడు సంతకం పెట్టాలి, రాజవొమ్మంగి రికార్డులో పెట్టినట్టు.

క్షమిస్తే లోకం చెడిపోదా అని అడిగేవాళ్ళకు, మన కాలేజీకి ఎంతో దూరంలో లేని బావికొండను చూపిస్తాను. ఆ కొండ మీది బౌద్ధారామంలో భిక్షువులు అంగుళిమాలుడి కథ చెప్పుకొనే ఉంటారని నా ఊహ. వందలమందిని చంపి వేళ్ళ దండ వేసుకున్నవాడు. బుద్ధుడు వాణ్ణి చంపలేదు, మార్చాడు. అయిదు వందల గుర్రాలతో పట్టుకోవడానికి వచ్చిన ప్రసేనజిత్తు రాజు, గుండు చేయించుకుని కూర్చున్న ఆ మనిషిని చూసి నిర్ఘాంతపోయి వెనుదిరిగాడు. కథ అక్కడ ముగిసిందనుకుంటాం. ముగియలేదు. తరువాత ఒకనాడు అంగుళిమాలుడు భిక్షకు ఊళ్ళోకి వెళితే జనం రాళ్ళు విసిరారు. తల పగిలి, భిక్షాపాత్ర ముక్కలై, చినిగిన చీవరంతో తిరిగి వచ్చాడు. జనాన్ని బుద్ధుడు తప్పుపట్టలేదు. అతన్నీ ఓదార్చలేదు. ఇది నువ్వు చేసినదాని ఫలమే, ఓర్చుకొమ్మన్నాడు.