అమెరికా చదువుకు బయలుదేరే ముందు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సార్ కబురు చేసినప్పుడు మొదట కవిత రాద్దామా అనుకున్నాము. కాని జనవరి 26 జెండా పండుగకు హాస్టల్‌కు వచ్చిన రోజు తమ్ముళ్ళు చుట్టూ చేరి అడిగిన ప్రశ్నలు గుర్తుకొచ్చాయి. "అన్నా, అమెరికా పోవాలంటే ఎన్ని లక్షలు కావాలె? మనలాంటోళ్ళకు వీసా ఇస్తరా? తెలుగు మీడియమోళ్ళం, ఎట్ల?" ఆ రోజు మెస్సు గంట కొట్టేదాకా తోచింది చెప్పాము. మిగిలింది ఇక్కడ రాస్తున్నాము.

మేము అంటే ముగ్గురం. ఒకరిది సూర్యాపేట, ఒకరిది కోదాడ పక్క పల్లె, ఇంకొకరిది మిర్యాలగూడ. ఈ హాస్టల్లో ఒకే గదిలో ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని చదువుకున్నాము. మా మూడు ఇళ్ళల్లోనూ డిగ్రీ ముఖం చూసింది మేమే మొదలు. అమెరికాకు దరఖాస్తులు కూడా కూడబలుక్కునే చేశాము. మిర్యాలగూడ మిత్రుడు అక్కడ చేరి ఏడాది దాటింది. కోదాడ మిత్రునికి వీసా రాలేదు. సూర్యాపేట మిత్రునికి ఇరవై మూడేళ్ళు, పీజీ పూర్తయింది, ఐ-20 చేతికి వచ్చి వీసా తేదీ కోసం ఎదురుచూస్తున్నాడు. ఇది రాస్తున్న చెయ్యి అతనిదే, మాటలు మాత్రం ముగ్గురివీ.

ముందుగా పేరు సంగతి. ఇది చిన్న విషయమని మేమూ అనుకున్నాము. మనలో చాలామందికి పేరు రాసింది అమ్మానాన్నలు కాదు, బడిలో చేర్చుకున్న రోజు సారు రాశారు. పుట్టిన తేదీ కూడా అంతే. మా ముగ్గురిలో ఇద్దరం జూన్ నెలలోనే పుట్టాము, రికార్డుల ప్రకారం! ఆ పేరే టెన్త్ మెమోలోకి వచ్చింది. ఒకరికి ఇంటిపేరు పొడి అక్షరంగా, ఒకరికి పూర్తిగా, మిర్యాలగూడ మిత్రునికి అసలు లేకుండా. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు ఒక గడి ఉంటాయి. అతను నెట్ సెంటర్‌లో ఫారం నింపించుకున్నాడు. అక్కడి అబ్బాయి ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేశాడు. పాస్‌పోర్టు వచ్చినప్పుడు సంతోషంలో ఎవరమూ చూడలేదు. అమెరికా వీసాలో రెండు గడులూ నిండాలి. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉంటే దాన్ని ఇంటిపేరు గడిలో పెట్టి, సొంత పేరు ఉండాల్సిన చోట ఎఫ్.ఎన్.యు. అని మూడు అక్షరాలు వేస్తారు. ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదని అర్థం. ఇప్పుడు అతని కాలేజీ కార్డు మీదా, బ్యాంకు కార్డు మీదా అవే మూడు అక్షరాలు. మొదటి రోజు క్లాసులో హాజరు పిలుస్తూ టీచర్ "ఫను" అన్నారట, ఎవరినో అనుకుని ఊరుకున్నాడట. ఫోన్‌లో చెప్పి బాగా నవ్వాడు, మేమూ నవ్వాము. కొంచెంసేపయ్యాక, "ఈ సంగతి మా అమ్మకు చెప్పకండి" అన్నాడు.

కాబట్టి టెన్త్ చదివే తమ్ముళ్ళు ఇప్పుడే ఒక పని చేయాలి. మెమో కోసం పంపే నామినల్ రోల్స్‌లో మీ పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఆధార్‌లోనూ అలాగే ఉండాలి. తర్వాత దిద్దించుకోవడానికి తిరిగే తిరుగుళ్ళు మేము తిరిగాము. పాస్‌పోర్టు కోసం హైదరాబాద్ దాకా పోనక్కరలేదు, నల్లగొండ పోస్టాఫీసులోనే సేవా కేంద్రం ఉంది.

ఇక చదువు అర్హత. మనం బి.ఎస్సీ., బి.కాం. మూడేళ్ళు చదువుతాము. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు ఎం.ఎస్.లో చేరడానికి మొత్తం పదహారేళ్ళ చదువు అడుగుతాయి. బి.టెక్. వాళ్ళకు ఇబ్బంది లేదు. మూడేళ్ళ డిగ్రీని ఒప్పుకునే కాలేజీలు కొన్ని ఉన్నాయి కాని వెతుక్కోవాలి. మా సూర్యాపేట మిత్రుడు ముందు ఇక్కడ పీజీ చేసింది అందుకే. ఇంగ్లీషు పరీక్షలు టోఫెల్, ఐఈఎల్‌టిఎస్, కొన్ని కాలేజీలకు జీఆర్ఈ. వీటి గురించి గ్రంథాలయంలో పుస్తకాలు చాలా ఉన్నాయి, ఇక్కడ రాయము. ఒక్క మాట, వినే భాగానికి రోజూ అరగంట ఇంగ్లీషు వార్తలు వినడం మాకు పుస్తకాలకంటే ఎక్కువ పనికొచ్చింది.

కాలేజీని ఎంచుకునే దగ్గర మనవాళ్ళు చాలామంది మోసపోయారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద అక్కడి అధికారులు దాడి చేసి మూయించారు. అందులో పేరు నమోదైన సుమారు 1,500 మందిలో అత్యధికులు భారతీయులు, వారిలో మన తెలుగు పిల్లలే ఎక్కువ. వందలమంది ఒకే అపార్ట్‌మెంటులో ఉంటున్నట్టు రికార్డు చూపించింది ఆ కాలేజీ. కొందరు విద్యార్థుల కాళ్ళకు జాడ తెలుసుకునే రేడియో పట్టీలు తొడిగారు. పశువులకు కట్టినట్టు కట్టారని అప్పట్లో ఇక్కడ ఎంతో గొడవయింది. ఆ కాలేజీ పెట్టినామెకు 2014లో పదహారున్నరేళ్ళ జైలు పడింది. ఇంత జరిగాక కూడా 2019 జనవరిలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి బయటపడింది. మిషిగన్ రాష్ట్రంలోని ఈ కాలేజీలో పంతుళ్ళు లేరు, పాఠాలు లేవు. అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖవారే దొంగ దళారులను పట్టడానికి పెట్టిన ఉత్తుత్తి కాలేజీ అది. సుమారు 130 మంది విద్యార్థులను అరెస్టు చేశారు, అప్పుడూ తెలుగువాళ్ళే ఎక్కువ. ప్రభుత్వం ఒప్పుకున్న కాలేజీల జాబితాలో దాని పేరు ఉంది. అంటే జాబితా ఒక్కటి చూసి నమ్మడానికి లేదు. ఆ పిల్లలది పూర్తిగా అమాయకత్వమని మేము అనము. క్లాసులు లేకుండా ఫీజు కట్టి ఉద్యోగం చేసుకోవచ్చని చాలామందికి తెలుసు. అలాగని ప్రభుత్వమే వల వేసి పట్టడం న్యాయమనీ అనలేము. మేము చేసిన పని ఏమిటంటే, ప్రతి కాలేజీ వెబ్‌సైటులో మా విభాగం టైంటేబుల్, పంతుళ్ళ పేర్లు చూసి, ఒకరికైనా సిలబస్ గురించి ఈమెయిల్ రాశాము. జవాబు వచ్చిన కాలేజీలకే దరఖాస్తు రుసుము కట్టాము. మూడు కాలేజీలు ఆ దెబ్బతో జాబితాలోంచి పోయాయి.

సీటు ఇచ్చిన కాలేజీ ఐ-20 అనే పత్రం పంపుతుంది. దాని మీద మన పేరు, కోర్సు, మొదలయ్యే తేదీ, ఏడాదికి ఎంత ఖర్చు, ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది అన్నీ ఉంటాయి. ఆ నాలుగో సంగతే మనకు పెద్ద కొండ.

మన భోజనశాల గోడ మీద ఉన్న బాబాసాహెబ్ 1913లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన ఉపకార వేతనం నెలకు పదకొండున్నర పౌన్లు, గడువు మూడేళ్ళు. తిరిగి వచ్చాక పదేళ్ళు సంస్థానంలో కొలువు చేస్తానని ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టి మరీ ఓడ ఎక్కారు. ఆ మూడేళ్ళలో ఒక్క అర్థశాస్త్రంలోనే 29 కోర్సులు చదివారు. గడువు తెలిసిన మనిషి చదువు అలా ఉంటుంది కాబోలు.

ఇప్పుడు ఆయన పేరుతోనే మన రాష్ట్రంలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది. అర్హులైన ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 20 లక్షల రూపాయల వరకు ఇస్తారు. బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరుతో ఇలాంటివే ఉన్నాయి. దరఖాస్తు ఈ-పాస్‌లో పెట్టాలి. మనం హాస్టల్ స్కాలర్‌షిప్‌కు పెట్టే ఈ-పాసే. కాని జాగ్రత్తగా చదవండి. ఈ డబ్బు రెండు విడతలుగా వస్తుంది. అక్కడ దిగినట్టు ఐ-94 పత్రం చూపిస్తే మొదటి విడత, మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపిస్తే రెండో విడత. ఐ-20 కోసం, వీసా కోసం డబ్బు చూపించాల్సింది మాత్రం ఇక్కడ ఉండగానే. ఈ మధ్యలోని గుంత ఎలా పూడ్చాలన్నది ఏ కరపత్రంలోనూ ఉండదు.

బ్యాంకు విద్యా రుణం ఒక దారి. ప్రభుత్వ బ్యాంకుల మామూలు పథకంలో 4 లక్షల దాకా హామీ అడగరు, ఏడున్నర లక్షల దాకా మూడో మనిషి పూచీ అడుగుతారు, అది దాటితే ఆస్తి తనఖా పెట్టాలి. మా ముగ్గురిలో తనఖాకు ఆస్తి ఉన్నవాళ్ళు లేరు. మిర్యాలగూడ మిత్రుని నాన్న రైస్ మిల్లులో హమాలీ. అతనికి పూచీ పడ్డది మేనమామ, ఆర్టీసీలో డ్రైవర్. పూచీ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఆయన, "అల్లుడా, నువ్వు కట్టకుంటే నా జీతంలోంచి కోస్తరా?" అని అడిగాడట. "కోస్తరు మామా" అని ఉన్నదున్నట్టు చెప్పాడట. ఆయన సంతకం పెట్టాడు.

ఈ గుంత దగ్గరే కన్సల్టెన్సీల వాళ్ళు ఎదురవుతారు. "డబ్బు మేము చూపిస్తాము, మీ అకౌంట్‌లో నెల రోజులు ఉంటుంది, కమీషన్ ఇంత" అంటారు. మమ్మల్నీ అడిగారు. తప్పుడు కాగితం చూపించి వీసా అడిగినట్టు తేలితే ఆ మనిషికి అమెరికా తలుపు జన్మంతా మూసుకుంటుంది. కమీషన్ తీసుకున్నవానికి ఏమీ కాదు.

కోదాడ మిత్రుని కథ ఇక్కడే చెప్పాలి. అతను దొంగ డబ్బు చూపించలేదు. కాని డి.ఎస్.-160 అనే వీసా ఫారం కన్సల్టెన్సీ వాళ్ళే నింపారు, ఈమెయిల్, ఫోన్ నంబరు వాళ్ళవే పెట్టారు. ఫారంలో ఏం రాశారో ఇతను ఇంటర్వ్యూ ముందు రోజు దాకా చూడలేదు. పైగా ఇరవై ప్రశ్నలకు జవాబులు ప్రింటు తీసి ఇచ్చారు. టెన్త్‌లో ఇంగ్లీషు వ్యాసం బట్టీ పట్టినట్టు పట్టాడు. ఆ రోజు హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో కిటికీ అవతలి ఆఫీసర్ "మొదటి సెమిస్టర్‌లో ఏ కోర్సు తీసుకుంటావు?" అని అడిగితే, ఇతను "ఈ కాలేజీనే ఎందుకు ఎంచుకున్నావు?" అన్న దానికి రాసిచ్చిన జవాబు గడగడా అప్పజెప్పాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. 214(బి) అనే సెక్షన్ రాసి ఉన్న చీటీ ఇచ్చి పంపించారు. వచ్చేవాడు చదువయ్యాక తిరిగి వెళ్తాడని నమ్మకం కలగలేదని దాని భావం. చాలామందికి అదే చీటీ ఇస్తారు, అసలు కారణం చెప్పరు. బట్టీ జవాబే కారణమని మా అనుమానం. ఎల్బీనగర్‌లో బస్సెక్కి, నకిరేకల్ దాటేదాకా ఇంటికి ఫోన్ చేయలేకపోయాడు. సెవిస్ రుసుము 350 డాలర్లు, వీసా రుసుము 185 డాలర్లు. వీసా రుసుము తిరిగి రాదు. సెవిస్ రుసుము పన్నెండు నెలల లోపు మళ్ళీ అదే వీసాకు దరఖాస్తు చేస్తే పనికొస్తుంది. ఈ సంగతీ కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పలేదు, మేము చదివి కనుక్కున్నాము. అతను ఇప్పుడు కోదాడలోనే పిల్లలకు లెక్కలు చెబుతూ మళ్ళీ దరఖాస్తు పెట్టాడు. ఈసారి ఫారం తనే నింపుకున్నాడు, నాలుగు రాత్రులు పట్టింది.

ఆ ఫారంలో గత అయిదేళ్ళలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు కూడా అడుగుతారు. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవారు వాటిని అందరికీ కనబడేలా ఉంచాలని చెబుతున్నారు. రూల్స్ ఏడాదిలోనే మారుతుంటాయి కాబట్టి కాన్సులేట్ వెబ్‌సైటులో చూసుకోండి, మా వ్యాసం చూసి ఊరుకోవద్దు.

ప్రయాణం గురించి ఎక్కువ లేదు. ఐ-20లో ఉన్న తేదీకి 30 రోజులకంటే ముందు దిగనివ్వరు. పాస్‌పోర్టు, ఐ-20 చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో వేయవద్దు. దిగాక కాలేజీలోని విదేశీ విద్యార్థుల ఆఫీసుకు వెళ్ళి వచ్చినట్టు నమోదు చేయించుకోవాలి. పచ్చళ్ళు, పొడులు ఏవి ఉన్నా అడిగితే దాచకుండా చెప్పాలి. మాంసం పచ్చడి పెట్టుకోవద్దు, అమ్మ ఎంత బతిమాలినా సరే.

అక్కడ చదువు ఎలా ఉంటుందో మిర్యాలగూడ మిత్రుడు వారం వారం చెబుతున్నాడు. మొదటి క్లాసులోనే సిలబస్ కాగితం ఇస్తారట. ఏ పరీక్షకు ఎన్ని మార్కులు, ఆలస్యమైతే ఎంత కోత, కాపీ కొడితే ఏమిటి శిక్ష, అన్నీ అందులో ఉంటాయట. ఇతను మొదటి అసైన్‌మెంటుకు ఇంటర్నెట్‌లో దొరికిన రెండు పేరాలు దించి పెట్టాడు. మన దగ్గర రికార్డులు సీనియర్లవి చూసి దించడం ఎవరం చేయలేదు? సైన్సు రికార్డు అంతా దించి, బొమ్మలకు మాత్రం రంగులు వేసి పదికి పది తెచ్చుకున్నవాళ్ళమే. అక్కడ అది దొంగతనం కింద లెక్క. సున్నా వేసి, ఇంకోసారి జరిగితే కాలేజీ కమిటీకి పంపుతామని రాతపూర్వకంగా హెచ్చరించారు. కమిటీ దాకా పోయి కాలేజీ నుంచి తీసేస్తే చదువుతోపాటు వీసా హోదా కూడా పోతుంది. ఆ రాత్రి ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పంతులు గదికి వెళ్ళి, మా దగ్గర ఇలా నేర్చుకున్నాము, ఇక్కడి పద్ధతి చెప్పండి అని అడిగాడట. ఆఫీస్ అవర్స్ అని వారానికి కొన్ని గంటలు పంతుళ్ళు విద్యార్థుల కోసమే కూర్చుంటారు. ఎవరి మాట ఎలా తీసుకోవాలో, పేరు ఎక్కడ రాయాలో ఆయన అరగంట కూర్చోబెట్టి చెప్పారట. ఇక్కడ స్టాఫ్ రూము గడప తొక్కాలంటే మనకు కాళ్ళు వణుకుతాయి కదా, అక్కడ వెళ్ళనివాడే నష్టపోతాడట.

పని విషయం కూడా అడిగారు. కాలేజీ నడిచే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటల దాకా చేసుకోవచ్చు. ఇతను లైబ్రరీలో పుస్తకాలు సర్దుతున్నాడు. బయటి దుకాణంలో అనుమతి లేకుండా ఒక్క రోజు చేసినా హోదాకు ముప్పే. ఆ సంపాదన ఖర్చులకు చెయ్యి సాయమే తప్ప ఫీజు దానితో కట్టవచ్చని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

సూర్యాపేట మిత్రుని ఐ-20 నకలు ఒకటి, నంబర్లు కొట్టివేసి, వార్డెన్ సార్ దగ్గర పెట్టాము. మూడు పేజీలే. డిక్షనరీ దగ్గర పెట్టుకుని చదవండి, అర్థం కాని చోట పెన్సిల్‌తో గీత గీయండి. వీసా తేదీ వచ్చేదాకా రెండో ఆదివారాలు కోదాడ మిత్రుడూ మేమూ హాస్టల్‌కు వస్తాము. గీతలు ఉన్నచోటి నుంచి మొదలు పెడదాం.