చీజ్‌లో దూడ పొట్ట పదార్థం ఉంటుందా?

ప్రశ్న: చీజ్ తయారీలో దూడ పొట్టలోని పదార్థం వాడతారంటున్నారు. మేం శాకాహారులం. పిల్లలకు పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: మీరు విన్నది అబద్ధం కాదు, కానీ అది పూర్తి నిజం కూడా కాదు. ఆ పదార్థం రెన్నెట్. అందులోని ముఖ్యమైన ఎంజైమ్ కైమోసిన్. పాలు తాగే ఒంగోలు దూడకైనా, ముర్రా దూడకైనా నాలుగో పొట్టలో ఇది ఊరుతుంది. పాలలోని కేసీన్ రేణువులను విడివిడిగా ఉంచే కప్పా కేసీన్‌ను తెంచి, పాలను గడ్డ కట్టిస్తుంది. దాంతో పాలు పొట్టలో నిలిచి, నెమ్మదిగా అరుగుతాయి.

విదేశాల్లో కొన్ని సంప్రదాయ చీజ్‌లకు ఇప్పటికీ దూడ రెన్నెట్టే వాడతారు. బూజు జాతి సూక్ష్మజీవుల నుంచీ ఇలాంటి ఎంజైమ్‌లు తీస్తున్నారు. సూక్ష్మజీవులతో తయారైన కైమోసిన్‌ను అమెరికా 1990లో అనుమతించింది. మన దేశ ఆహార ప్రమాణాలు చీజ్‌కు జంతు సంబంధం లేని రెన్నెట్‌నే పేర్కొంటాయి.

అందుకే ప్యాకెట్‌పై ఆకుపచ్చ గుర్తు చూసి కొనండి, నిశ్చింతగా పెట్టండి. విదేశాల నుంచి బంధువులు తెచ్చిన చీజ్ అయితే లేబుల్ తప్పక చదవండి. పెరుగు, పనీర్, జున్నులకు రెన్నెట్ అక్కర్లేదు: పెరుగుకు తోడు, పనీర్‌కు నిమ్మరసం, జున్నుపాలకు వేడి చాలు.